సుట్ట కాలిన మచ్చ

మా మామ్మకి ఒక ఆవుంది, పేరు గౌరి. సాయంత్రం పాలు పితికే ముందు మామ్మ దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. చెవుల లోపల, గంగడోలు మడతల్లో, తోక మొదట్లో, పొదుగుకీ తొడకీ మధ్య సందులో వేళ్ళు పెట్టి వెతుకుతుంది. పిడుదు దొరికితే పీకి పక్కనున్న కొబ్బరిచిప్పలో వేస్తుంది. ఒకప్పుడు ఆ చిప్పలో కిరసనాయిలు ఉండేది, ఇప్పుడది దొరక్క సర్ఫు నీళ్ళు. చిన్నప్పుడు ఆ చిప్ప పట్టుకోవడం నా డ్యూటీ. రక్తం తాగి ఉబ్బిన పిడుదు అచ్చం ఆముదం గింజలా ఉంటుంది. ఈ పోలిక నేనే కనిపెట్టాననుకుని చాలాకాలం గర్వపడ్డాను. ఆముదం మొక్క శాస్త్రీయ నామంలో ఉన్న రిసినస్ అనే మాటకి లాటిన్‌లో అర్థం పిడుదే అని తర్వాత తెలిసింది. రోమన్లకి కూడా మా మామ్మలాంటి మామ్మలు ఉండి ఉంటారు.

గౌరిని రోజూ మామ్మ చూస్తుంది. మామ్మని ఎవరు చూస్తారు అన్న ప్రశ్న నాకు పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. 2025 నవంబరులో వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

మా ఇల్లు అరసవల్లిలో. అరసవల్లి అనగానే "ఓ, సూర్యదేవాలయం!" అంటారు అందరూ. అవును, అదే. ఆదివారం వస్తే మా వీధిలో స్కూటీ తీయడం కష్టం. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో తెల్లారకముందే క్యూలు. చర్మం జబ్బులు, కంటి జబ్బులు తగ్గాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చి మొక్కుకుంటారు. కానీ గుడి వైపు కాకుండా రెండో వైపు నడిస్తే కాసేపట్లో పొలాలు, గట్లు, కాలవ వెంబడి పొదలు వస్తాయి. మామ్మ ప్రపంచం అటువైపు. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, చీర పైకి దోపుకుని, కొడవలి పట్టుకుని గౌరికి గడ్డి కోయడానికి వెళ్తుంది. కింద కూర్చునే కోస్తుంది. కోసిన గడ్డిని పక్కకి పెట్టి, దాని మీదే చేరబడి ఒక చుట్ట కాలుస్తుంది. తర్వాత మోపు కట్టి ఇంటికి.

ఆ చుట్ట గురించి చెప్పాలి. మన ఉత్తరాంధ్రలో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్టని తిరగేసి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. బయటి వాళ్ళకి చెప్తే నమ్మరు. దీనివల్ల అంగిట్లో కేన్సర్ వస్తుందని 1970ల నుంచే మన శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్ళ మీద పరిశోధనలు ఉన్నాయి. నేను ఎనిమిదో తరగతి నుంచి మామ్మతో ఈ విషయం మీద గొడవపడుతున్నాను, గెలవలేదు. సగం కాలిన చుట్టని ఆర్పి రొంట్లో దోపుకోవడం ఆమె అలవాటు. ఇది గుర్తుపెట్టుకోండి.

నవంబరులో ప్రిపరేషన్ హాలిడేస్‌కి ఇంటికి వెళ్ళేసరికి మామ్మకి రెండ్రోజులుగా జ్వరం. తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు. నాగులచవితికి పుట్ట దగ్గర పాలు పోయడానికి అందరం తోటలోకి వెళ్ళాం కదా, అక్కడ మంచు పడి జలుబు చేసిందని అమ్మ అంది. మందులషాపులో మాత్రలు తెచ్చారు. తగ్గలేదు. నాలుగో రోజు దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే రక్తపరీక్షలు చేశారు. మలేరియా లేదు, డెంగీ లేదు, ప్లేట్‌లెట్లు మాత్రం తగ్గాయి. టైఫాయిడ్ కొంచెం ఉన్నట్టుంది అని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నేను రిపోర్టు ఫొటో తీసి, ఒక్కో అంకెనీ గూగుల్ చేసి, "టెస్ట్ నెగెటివ్ వచ్చినా డెంగీనే అయ్యుంటుంది" అని ఇంట్లో ప్రకటించాను. బొప్పాయి ఆకు రసం కూడా తీయించాను. ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నేనొక్కదాన్నే కాబట్టి నా మాటకి విలువ ఉంది. అదే సమస్య.

ఆ రోజు సాయంత్రం మామ్మకి లేచి స్నానం చేసే ఓపిక లేదు. అమ్మ వంటింట్లో ఉంటే నేనే గోరువెచ్చని నీళ్ళలో తుండు ముంచి ఒళ్ళు తుడిచాను. నడుం దగ్గర, లోపావడా నాడా కట్టుకునే చోట, కుడిపక్క ఒక మచ్చ కనిపించింది. చిటికెనవేలు గోరంత ఉంది. మధ్యలో నల్లగా ఎండిపోయిన పక్కు, చుట్టూ ఎర్రటి అంచు.

"ఇదేంటి మామ్మా?"

"ఏటి? అదా? సుట్ట కాలిపోనాదే. ఒగ్గీ."

నాకు ఒళ్ళు మండింది. జ్వరంతో ఉన్న ముసలామెని పట్టుకుని పది నిమిషాలు క్లాసు పీకాను. చుట్ట మానమంటే మానవు, ఇప్పుడు నడుం కాల్చుకున్నావు, రేపు ఇల్లు కాల్చేస్తావు అని. మామ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆ మచ్చ గురించి నేను అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, మర్నాడు క్లినిక్‌లో కూడా చెప్పలేదు. అది జ్వరానికి సంబంధించిన విషయంలా నాకు అనిపించలేదు. చుట్టకి సంబంధించిన విషయంలా అనిపించింది. క్లినిక్ వాళ్ళని నేను తప్పుపట్టలేను. కళ్ళతో చూసిన దాన్ని నేనే నోరు విప్పలేదు.

ఏడో రోజు రాత్రి ఆయాసం మొదలైంది. పేర్లు మర్చిపోతోంది. నన్ను మా అత్త పేరుతో పిలిచింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు నాకంటే ఐదారేళ్ళు పెద్దదై ఉంటుంది. అన్నీ అడిగింది. పొలం పనికి వెళ్తారా, గడ్డి కోస్తారా, పశువులున్నాయా, ఇంట్లో ఎలకలున్నాయా. ఆ తర్వాత అడిగింది: "ఒంటి మీద ఎక్కడైనా నల్లటి మచ్చ చూశారా? సిగరెట్‌తో కాల్చినట్టుంటుంది."

"లేదండీ" అన్నాను నేను.

అబద్ధం చెప్పాలని కాదు. ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు. నా బుర్రలో ఆ మచ్చ మచ్చగా సేవ్ అవ్వలేదు, మామ్మ తప్పుగా సేవ్ అయింది.

డాక్టరు నా మాట మీద ఆగలేదు. తెర లాగి, నాన్నని బయటికి పంపి, చంకలు, రొమ్ముల కింద, మెడ వెనక, మోకాళ్ళ వెనక చూసుకుంటూ వచ్చింది. నాడా విప్పబోతే మామ్మ అంత జ్వరంలోనూ చెయ్యి అడ్డం పెట్టింది. "సిగ్గు పడకమ్మా, నేనూ ఆడపిల్లనే" అని డాక్టరు మెల్లగా చెయ్యి తప్పించింది. మచ్చ కనిపించింది.

"ఇదేంటి మామ్మా?"

"సుట్ట."

డాక్టరు ఒక్క నిమిషం ఆగింది. "చుట్ట ఏ పక్క దోపుకుంటావు?"

మామ్మ ఎడంపక్క తట్టి చూపించింది.

"కాలినప్పుడు మంట పుట్టిందా?"

"నేదు."

"మరి చీరకి చిల్లేది?" అని ఈసారి నన్ను చూసి అడిగింది.

కుడిపక్క మచ్చ, ఎడంపక్క చుట్ట, నొప్పి లేని కాలుడు, చిల్లు పడని చీర. నాలుగు క్లూలు. మూడు రోజులుగా నా కళ్ళ ముందే ఉన్నాయి. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ఎర్రర్ వస్తే మొదట తట్టిన కారణాన్నే పట్టుకుని వేలాడొద్దని మాకు చెప్తూనే ఉంటారు.

పరీక్షకి రక్తం పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఆ రాత్రే మందు మొదలుపెట్టారు. జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. నాన్న దాన్ని టైఫాయిడ్ అనే విన్నాడు, ఇప్పటికీ చుట్టాలకి అలాగే చెప్తాడు. రెండూ వేరు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్ళూ తిండీ వల్ల వస్తుంది. ఇది గడ్డిలోంచి వస్తుంది. పేర్లు ఒకేలా ఉండటానికి కారణం గ్రీకు మాట టైఫోస్: పొగ అని అర్థం, జ్వరంలో మనిషి స్పృహ పొగపట్టినట్టు మసకబారిపోతుందని. మా ఇంటి కేసులో పొగ నా కళ్ళకి కూడా పట్టింది.

ఆసుపత్రి వరండాలో కూర్చుని దీని గురించి చదివిందీ, తర్వాత ఆ డాక్టర్ని విసిగించి తెలుసుకున్నదీ ఇక్కడ చెప్తాను. దీన్ని మోసేది పిడుదు కాదు, పిడుదుకి దూరపు చుట్టం లాంటి మైట్. అందులోనూ దాని పిల్ల, లార్వా. దానికి ఆరు కాళ్ళే ఉంటాయి, పెద్దయ్యాక ఎనిమిది వస్తాయి. సైజు మిల్లీమీటర్లో ఐదో వంతు, అంటే కంటికి దాదాపు ఆనదు. గడ్డి పరక చివరో, రాలిన ఆకు మీదో గుంపుగా కాచుకుని ఉంటుంది. జీవితంలో ఒక్కసారే జంతువుని పట్టుకుని తింటుంది, మామూలుగా ఎలకని, దొరికితే మనిషిని. రక్తం తాగదు. చర్మాన్ని లాలాజలంతో కరిగించి ఆ రసం పీలుస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. ఒంటి మీదికి ఎక్కగానే కుట్టేయదు, పాకుతూ పోయి బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగుతుంది. నాడా, మొలతాడు, చంక, గజ్జలు. దానిలో ఉన్న బాక్టీరియా పేరు ఓరియెన్షియా సుత్సుగముషి. తల్లి మైట్ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకి వెళ్తుంది కాబట్టి ఒక పొద దగ్గర ఉందంటే అక్కడే తరాల పాటు ఉండిపోగలదు. మనిషి నుంచి మనిషికి అంటదు. కుట్టాక వారం, పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలకి జ్వరం వస్తుంది. అందుకే జ్వరం వచ్చేసరికి ఏ రోజు ఏ గట్టు మీద కూర్చున్నామో ఎవరికీ గుర్తుండదు. నాగులచవితి పుట్టో, రోజూ కోసే గడ్డో మాకూ తేలలేదు. ఆ నల్లమచ్చ అందరికీ ఉండదు. ఉంటే మాత్రం అంతకంటే మంచి రిపోర్టు లేదు, అదీ ఉచితంగా.

రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులు దీనితో వేలల్లో పడ్డారు. అప్పుడు మందు లేదు. ఇప్పుడు ఉంది, డాక్సీసైక్లిన్. స్ట్రిప్ ధర మన క్యాంటీన్‌లో ప్లేటు ఫ్రైడ్ రైస్ కంటే తక్కువ. మామ్మకి ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది కాబట్టి దానితోపాటు అజిత్రోమైసిన్ కూడా కలిపి సెలైన్లో ఇచ్చారు. తీవ్రమైన కేసుల్లో ఈ రెండూ కలిపితే మేలని వెల్లూరు సీఎంసీ డాక్టర్ల ఆధ్వర్యంలో మన దేశపు ఆసుపత్రుల్లోనే చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. అంతకుముందు ఇచ్చిన ఇంజెక్షన్లు పని చేయకపోవడానికి కారణం సింపుల్: ఆ రకం యాంటీబయాటిక్‌లు ఈ బాక్టీరియా మీద పనిచేయవు. సరైన మందు పడ్డ రెండో రోజుకి జ్వరం దిగింది. మూడో రోజు మామ్మ నన్ను నా పేరుతో పిలిచి, గౌరికి గడ్డి ఎవరు ఏస్తన్నారని అడిగింది.

నాన్న వేస్తున్నాడు. నాడాకి బదులు బెల్టుతో. నేను ఆ రాత్రి ఫోన్‌చేసి వెంటనే స్నానం చేయమన్నాను. "ఇప్పుడా? తొమ్మిదిన్నరయింది" అన్నాడు. చేయించాను.

రాకుండా ఏం చేయాలి అని వెతికితే ఫోన్ నిండా అమెరికా పేజీలే. పిడుదులకి రాసినవి. లేతరంగు ప్యాంటు వేసుకోండి, అంచులు సాక్సుల్లోకి దోపండి, బట్టలకి పర్మెత్రిన్ కొట్టండి, ఒంటికి డీట్ రాయండి, ఇంటికొచ్చిన రెండు గంటల్లో స్నానం చేయండి, బట్టలు డ్రయ్యర్‌లో పది నిమిషాలు తిప్పండి. మామ్మకి చదివి వినిపించాను. "సాక్సులు నానేసుకుంటే గౌరి నవ్వుతాది" అంది. వీకెండ్‌లో అడవికి సరదాగా వెళ్ళేవాళ్ళ కోసం రాసిన సలహాలు అవి. రోజూ చీరకట్టి, చెప్పుల్లేకుండా గట్టు మీద కూర్చునే మనిషి ఎవరి డ్రాఫ్ట్‌లోనూ లేదు.

కానీ అదే పేజీలో కింద ఒక లిస్టు ఉంది, ఒంటి మీద ఎక్కడెక్కడ వెతకాలో. చెవుల లోపల, చెవుల వెనక, చంకల్లో, నడుం చుట్టూ, మోకాళ్ళ వెనక, తొడల మధ్య, జుట్టులో. చదువుతుంటే ఎక్కడో చూసినట్టనిపించింది. గౌరి లిస్టు. తోక ఒక్కటే తక్కువ.

దాంతో మామ్మకి అర్థమయ్యేలా చెప్పడం సులువైపోయింది. సాక్సులు వదిలేశాం. కూర్చోవడానికి గోనెపట్టా తీసుకెళ్తుంది. గడ్డిమోపు మీద చేరబడటం మానింది. నాన్నవి పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు రెండు చీర మీద వేసుకుంటోంది. దొడ్లో ఎలకలు దూరే పొదలు నాన్న నరికించాడు. వచ్చీరాగానే కాగులో వేణ్ణీళ్ళు, సబ్బు, పీచు. మైట్ కుట్టక ముందు పాకుతూ ఉంటుంది కదా, ఆ టైమ్‌లో రుద్ది కడిగేస్తే పోతుంది. కళ్ళకి కనిపించని దాన్ని వెతికి లాభం లేదు, కడగడమే. పిడుదైతే కనిపిస్తుంది, దాన్ని వెతకాలి. విప్పిన బట్టలు మంచం మీద పడేయకుండా నేరుగా వేడినీళ్ళలోకి, తర్వాత ఎండలోకి. ఎండకి అరసవల్లిలో లోటేముంది.

పిడుదులు పీకే పద్ధతి కూడా మార్చాం. ఇది మామ్మకి అన్నిటికంటే నచ్చలేదు. అరవై ఏళ్ళ అనుభవం ఆమెది. కానీ గోళ్ళతో చిదిపితే దాని కడుపులోది మన వేళ్ళకే అంటుతుంది. కర్ణాటకలో 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపోతుంటే వెతికి పట్టుకున్న జబ్బు పిడుదుల ద్వారానే మనుషులకి వచ్చింది. అక్కడి వాళ్ళు కోతి జబ్బు అంటారు. మన దగ్గర ఆ జబ్బు లేకపోయినా చిదమకపోవడం మంచిదే. నా ఐబ్రోస్ ప్లక్కర్ ఇచ్చాను. చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా తిన్నగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చకూడదు, నూనె పోయకూడదు. ఇప్పుడా ప్లక్కర్ గౌరిది, నేను వేరేది కొనుక్కున్నాను.

అసలు కష్టమంతా చూడటంలోనే వచ్చింది. నడుం వెనక ఎవరికి వాళ్ళు చూసుకోలేరు. ఇంకొకరు చూడాలి. మా ఇంట్లో మామ్మ ఒంటిని అమ్మ చూడటమంటే ఇద్దరికీ సిగ్గు. ముప్పై ఏళ్ళు ఒకే వంటింట్లో తిరిగారు, ఒకళ్ళ చీర ఒకళ్ళు మడతపెట్టారు, అయినా. నేనున్నన్ని రోజులు నేనే చూశాను, ఫోన్ టార్చి వేసి. హాస్టల్‌కి వచ్చే ముందు రోజు అమ్మని కూడా పిలిచి పక్కన నిలబెట్టి చూపించాను. అమ్మ తల పక్కకి తిప్పుకుని "నువ్ చూడవే, నేనెందుకు" అంది. మామ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఒక్క నిమిషం ఎవరూ ఏం మాట్లాడలేదు. తర్వాత మామ్మే అంది, గోడతోనే: "గౌరికి సిగ్గు నేదు. నాకేల?" అమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే చూసేసింది.

నేను వెనక్కి వచ్చిన కొద్ది రోజులకి, నవంబరు చివరా డిసెంబరులోనూ టీవీల్లో స్క్రబ్ టైఫస్ మోగిపోయింది. విజయనగరం జిల్లాలో ఒకామె చనిపోయారన్న వార్త వచ్చింది. "వింత పురుగు", "కొత్త వ్యాధి" అని స్క్రోలింగులు. కొత్తదేమీ కాదు, వానాకాలం వెళ్ళి చలి మొదలయ్యే రోజుల్లో మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. మన క్లాస్ గ్రూపులో కూడా భూతద్దంలో తీసిన ఎర్రటి పురుగు ఫొటో ఫార్వర్డ్ అయింది, కింద భయపడే ఎమోజీలు. ఆ ఫొటో వల్ల ఉపయోగం లేదు. ఆ పురుగు మీకెప్పటికీ అలా కనిపించదు. ఫార్వర్డ్ చేయాలంటే ఆ నల్లమచ్చ ఫొటో చేయండి. ఐదు రోజులు దాటిన జ్వరంతో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తే, పొలానికో గడ్డిలోకో వెళ్ళారన్న మాట డాక్టరు అడగకపోయినా చెప్పండి. మచ్చ కనిపిస్తే దాని కారణం మీరు తేల్చకండి, ఉందని చెప్పండి చాలు.

ఇదంతా పల్లెటూరి విషయం అనుకోకండి. మన గ్రౌండ్ వెనక పొదల్లోకి రోజుకి ఎన్ని బంతులు వెళ్తాయో, వాటికోసం షార్ట్స్‌లో ఎంతమంది దూరతారో చూస్తూనే ఉన్నాం. మొన్న ఫెస్ట్ పోస్టర్లు వేస్తూ సాయంత్రమంతా గడ్డిలోనే కూర్చున్నామని ఫోన్లో మామ్మకి చెప్పాను, ఊరికే కబుర్లలో. వెంటనే అంది:

"తానం సేసినావా? నడుం కాడ సూసుకున్నావా? నీ పక్క మంచం గుంటని సూడమను."

నా రూమ్‌మేట్‌ది విజయనగరం. చెప్తే మొదట విచిత్రంగా చూసింది. తర్వాత తనే టార్చి వేసింది.

మామ్మ చుట్ట మానలేదు. రొంట్లో దోపుకోవడం మాత్రం మానింది. నా పాత జామెట్రీ బాక్సు ఉంది కదా, సగం కాలిన చుట్టలు ఇప్పుడు అందులో ఉంటున్నాయి, కంపాస్ పక్కన.